పెట్టె మీది పేరు

పోయిన వారం మా ఫ్లెక్సీ షాపుకి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. పంపినతను ఫోన్ చేసి, "అక్కా, మా మామ చనిపోయినాడు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాల. మామూలు చొక్కాతో ఉండాడు, నువ్వొక కోటు తగిలించు" అన్నాడు. అది మాకు రోజూ ఉండే పనే. రకరకాల కోట్లు కంప్యూటర్‌లో సిద్ధంగా పెట్టుకుని ఉంటాం, తల అతికిస్తే చాలు.

ఫోటో తెరిచాను. పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు. కళ్లు మాత్రం కెమెరా వైపు లేవు. కెమెరా పట్టుకున్న మనిషి చేతుల వైపు చూస్తున్నాయి, ఎక్కడ జారవిడుస్తాడోనన్నట్టు. ఆయన్ని చూసి పదేళ్లు దాటిపోయింది. అయినా ఆ చూపును బట్టే ఆయనెవరో తెలిసిపోయింది.

కోటు తగిలించలేదు. చొక్కాతోనే చేసి పంపాను. వాళ్లూ ఏమీ అనలేదు.

నెల్లూరులో బస్టాండుకు దగ్గర, మందుల షాపు పైన ఒక గదిలో ఆయన కంప్యూటర్ సామాన్లు అమ్మేవాడు. మెట్లు ఇరుకు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు కింద ఆగాల్సిందే. వచ్చేవాళ్లందరికీ ఆయన "అన్న". పేరుతో పని పడేది కాదు.

ఆయన నోట "బాగుంటుంది" అన్న మాట ఎవరూ వినలేదు. ఏ వస్తువు గురించి అడిగినా "చూద్దాం" అనేవాడు. కీబోర్డు కొన్నా "చూద్దాం", మౌసు కొన్నా "చూద్దాం". టీ తెప్పించుకుని పక్కన పెట్టుకునేవాడు. ఈలోగా ఎవరి కంప్యూటరో తెరిచి అందులో తలదూర్చేవాడు, టీ మీద తెట్టు కట్టేది. మధ్యాహ్నం షాపుకి తాళం వేసి, లాగి చూసి, మెట్లన్నీ దిగి, మళ్లీ ఎక్కొచ్చి ఇంకోసారి లాగి చూసేవాడు. కింద మందుల షాపతను ఆయన రెండోసారి దిగేదాకా పలకరించేవాడు కాడు.

సరుకు అమ్ముడుపోతే ఏ అంగడివాళ్లకైనా సంతోషం. ఈయనకు అక్కణ్ణించే దిగులు మొదలయ్యేది. పెట్టెకి పురికొస చుట్టి ఇస్తూ, "బస్సులో చక్రం మీది సీట్లో కూర్చోబాక మా. ఒళ్లో పెట్టుకో, కింద పెట్టబాక" అనేవాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసేవాడు.

"నడస్తా ఉందా మా? శబ్దమేమన్నా వస్తా ఉందా?"

"ఏ శబ్దమూ లేదన్నా."

"ఏ శబ్దమూ లేదా?" అని దానికీ కంగారుపడేవాడు.

నేను విడవలూరులో ఫోటో స్టూడియో పెట్టిన కొత్తలో ఆయన పరిచయమయ్యాడు. స్టూడియో అంటే మా ఇంటి ముందు గదే. మద్రాసులో ఉండే మా పెదనాన్న కొడుకు తన పాత డిజిటల్ కెమెరా నాకిచ్చాడు. మా చుట్టుపక్కల అప్పటికి అలాంటిది ఎవరి దగ్గరా లేదు. ఆ కెమెరాతో నేను తీసిన మొదటి పెళ్లి సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాళెంలో జరిగింది. పెళ్లికూతురి నాన్న వేటకి వెళ్లేవాడు. అమ్మ గంపలో చేపలు పెట్టుకుని విడవలూరు వచ్చి అమ్ముకునేది. మా వీధిలోకి వచ్చినప్పుడు గోడమీద అంటించిన ఫోటోలు చూసి, "మా పిల్ల పెళ్లికి నువ్వే తియ్యాల పాపా" అంది. తీశాను. మూడు వందల పైన ఫోటోలు. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇంకో ఫంక్షన్‌కి కావాలని కెమెరా కార్డు ఖాళీ చేసేశాను.

ప్రింటు వేయించాలంటే నెల్లూరు ల్యాబ్‌కి పోవాలి. వాళ్లేమో సీడీలో తెస్తేనే వేస్తామన్నారు. ఫ్లాపీలో ఒక్క ఫోటో పట్టడమే కష్టం. ఎట్లాగూ సీడీ రైటర్ కొనాల్సిందే, వచ్చే వారం చూద్దాంలే అనుకున్నాను.

పెళ్లయిన రెండు వారాలకు పెళ్లికూతురి నాన్న చనిపోయాడు. పడవను ఇసక మీదికి లాగుతూ, కాస్త ఆయాసంగా ఉందని దానికి ఆనుకుని కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

మూడో రోజు అతని భార్య వచ్చింది, గంప లేకుండా. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"పెద్దకర్మకి పటం కావాల పాపా. రేషన్ కార్డు మీద గోరంత ఫోటో ఉంది. అది చూస్తే మా ఆయనో, ఆయన తమ్ముడో నాకే తెలీడం లా. నీ కంప్యూటర్‌లో ఉండాడు గదా?"

"ఉండాడక్కా. రా, చూపిస్తా."

తెరిచి చూపించాను. ఆమె తెర మీద వేలు పెట్టింది, గాజు తగలగానే వెనక్కి తీసుకుంది. వచ్చే వారం బుధవారం పెద్దకర్మ అని చెప్పి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక కంప్యూటర్ ఆపబోతుంటే లోపల సన్నగా టిక్‌మని శబ్దం వినిపించింది. ఒక్కసారే. ఎండకేమోలే అనుకున్నాను.

అది సోమవారం. ఆ పూటే బస్సెక్కి నెల్లూరు వెళ్లాను. సీడీ రైటర్ కావాలంటే ఆయన మూడు పెట్టెలు తీసి నా ముందు పెట్టాడు. మూడూ వేరు వేరు కంపెనీలు. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద పేరు, ఒకటి మధ్యరకం, ఒకటి నేను ఎన్నడూ వినని పేరు. నేను పెద్ద పేరు మీద చెయ్యి వేశాను.

"ఆగు మా" అని ఆయన బ్లేడుతో మూడు పెట్టెలూ తెరిచి, లోపలి డ్రైవులు బయటకు తీసి, న్యూస్ పేపర్ మీద వరుసగా పెట్టాడు. "మొహం చూడు. ట్రే ఇరుక్కుపోతే పిన్నుతో తీసేదానికి చిన్న బొక్క ఉంటది చూడు, యాడుంది?"

మొదటి రెండింటికీ ఒకే చోట ఉంది. లైటూ ఒకే చోట ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకునే సందూ అంతే.

"రెండూ ఒకే ఫ్యాక్టరీవి. వీళ్లు పేరు మాత్రమే అంటించుకుంటారు. లోపలది వేరేవాళ్లు చేస్తారు" అని, వాటిని ఒక్కొక్కటే తన కంప్యూటర్‌కి తగిలించి ఆన్ చేశాడు. తెర మీద ముందుగా తెల్లటి అక్షరాలు వచ్చే చోట వేలు పెట్టి చూపించాడు. పెట్టె మీద ఒక పేరుంది, తెర మీద ఇంకో పేరు వచ్చింది. రెండు డ్రైవులకూ అదే పేరు.

"మరి మూడోది?"

"అది ఇంకో ఫ్యాక్టరీది. పోయిన నెల ఇదే పెట్టెలో మంచిది పెట్టినారు. ఈ నెల ఇదే పెట్టెలో వేరేది పెట్టినారు. పెట్టె మారలా, పేరు మారలా."

"అయితే ఏది తీసుకోమంటావన్నా?"

"చూద్దాం."

ఆయన భయమేంటంటే, సీడీ మీద రాసేటప్పుడు కంప్యూటర్ ఒక్క క్షణం తడబడినా ఆ సీడీ పనికిరాకుండా పోతుంది. కొత్తగా వచ్చే డ్రైవుల్లో కొన్నిటికి, అలా తడబడినప్పుడు ఆగి, మళ్లీ అక్కణ్ణించే రాసే ఏర్పాటు ఉంది. ఎందులో ఉందో పెట్టె చూస్తే తెలియదు. ఈ మూడింట్లోనూ లేదని ఆయన అనుమానం. బుధవారం మద్రాసు నుంచి కొత్త లాటు వస్తుందన్నాడు.

"గురువారం రా మా."

"అంత టైం లేదన్నా. పెద్దకర్మకి పటం కట్టియ్యాల."

"ఎవరిది?"

చెప్పాను. చెప్తే ఏదో ఒకటి ఇచ్చేస్తాడనుకున్నాను. ఆయన మూడు డ్రైవులూ తిరిగి పెట్టెల్లో పెట్టేశాడు. "చనిపోయిన మనిషి ఫోటోలా? అట్టయితే అస్సలు తొందరపడకూడదు."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. "ఇంత చెప్తున్నావు, ఏదో ఒకటి బాగుంటుందని చెప్పలేవా?"

ఆయన కాసేపు పురికొస వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. "ఒకసారి చెప్పినాను మా. పెట్టె మీద పేరు చూసి, బాగుంటుంది తీసుకో సార్ అని ఒక లెక్చరర్‌కి చెప్పినాను. ఆయన రెండేళ్లు రాసుకున్నదంతా సీడీల్లోకి ఎక్కించుకుని, కంప్యూటర్‌లోది తుడిచేసినాడు. నెల తిరిగేసరికి ఒక్క సీడీ కూడా తెరుచుకోలా. ఇప్పటికీ నన్ను చూస్తే ఆయన రోడ్డు దాటి అటుపక్కన పోతాడు. నన్ను ఒక్క మాట తిట్టుంటే బాగుండు."

నేను ఒట్టి చేతులతో ఇంటికొచ్చాను. ఆ టిక్‌మనే శబ్దం సంగతి ఆయనకు చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని నాకు తెలియదు.

మంగళవారం పాళెం నుంచి చనిపోయినాయన అక్కలు వచ్చారు, తమ్ముణ్ణి చూస్తామని. కంప్యూటర్ తెరిచి చూపించాను. వాళ్లు ఏడుస్తుంటే మధ్యలో ఆపలేకపోయాను. బుధవారం ఇంకెవరో వచ్చారు. అప్పటికి శబ్దం బాగా వినిపిస్తోంది, గోడ గడియారం కొట్టుకున్నట్టు. ఒక ఫోటో మీద తెర అలాగే నిలిచిపోయింది. భయమేసి నెల్లూరుకి ఫోన్ చేశాను.

"ఆపేయ్" అన్నాడాయన. "ఇంక ఆన్ చెయ్యబాక. ఎప్పటి నుంచి?"

"సోమవారం పొద్దున ఒకసారి వచ్చింది."

"సోమవారం నాకెందుకు చెప్పలా?"

"సోమవారం నువ్వెందుకు ఇయ్యలా?"

నేనే ఫోన్ పెట్టేశాను. కోపం ఆయన మీదో, నా మీదో తెలియలేదు.

గురువారం కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను. పక్కన కూర్చున్నావిడ, "ఏంది పాపా, పిల్లోడా?" అని దుప్పటి తీసి చూడబోయింది. బస్టాండులో దిగేసరికి ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఎన్ని బస్సుల నుంచి చూస్తున్నాడో. డబ్బా అందుకుని, ఇరుకు మెట్ల మీద గోడకు తగలకుండా అడ్డంగా నడుచుకుంటూ పైకి తీసుకెళ్లాడు.

కొత్త లాటు వచ్చింది. అందులోంచి ఒక పెట్టె తీశాడు. పేరు నేనెక్కడా వినలేదు, అక్షరాలు కూడా సరిగా అచ్చుకాలేదు. దాన్ని తెరిచి, పిన్ను బొక్క చూసి, ట్రేని మూడుసార్లు తెరిచి మూసి, చెవి ఆనించి విని, కంప్యూటర్‌కి తగిలించాడు. తెర మీద వచ్చిన పేరు చదివి, "ఇదీ" అన్నాడు.

నా కంప్యూటర్‌లో ఆ డ్రైవు బిగించాడు. ఫోన్ రిసీవర్ తీసి పక్కన పెట్టాడు. తలుపు గడియ వేశాడు. నన్ను కదలొద్దన్నాడు. సీడీ పెట్టి, అన్నిటికన్నా తక్కువ వేగం మీద మొదలుపెట్టాడు. పచ్చలైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. సగం దాటాక లోపల టిక్, టిక్, టిక్. అంకె ఆగిపోయింది. డ్రైవు ఆగి ఎదురుచూసింది. ఆయన చెప్పిన ఏర్పాటు దానికి ఉంది. కానీ హార్డ్ డిస్క్ మళ్లీ అందుకోలేదు. చాలాసేపు ఎదురుచూశాక ఆయనే మెల్లగా స్విచ్ ఆపాడు.

"డ్రైవు తప్పు కాదు" అన్నాడు. తను ఎంచుకున్నది సరైనదేనని తేలింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నా వైపు చూడలేకపోయాడు.

అరగంట చల్లారనిచ్చి, నా హార్డ్ డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలించాడు. "ఒక్కొక్కటే ఎత్తుకుందాం. అన్నీ రావు మా. యాడిదాకా వస్తదో తెలీదు. ఏ ఫోటోలు పోతే ఆమె మొహం చూడలేవో, అవి చెప్పు ముందు."

నేను కళ్లు మూసుకుని పెళ్లంతా గుర్తు తెచ్చుకున్నాను. పెళ్లికూతురి నాన్న అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు. పందిరి గుంజ దగ్గర నిలబడ్డప్పుడు. కూతురి తల మీద చెయ్యి వేసినప్పుడు. ఎవరితోనో మాట్లాడుతూ వెనక్కి తిరిగినప్పుడు. అన్న వెతికి పట్టుకోవడం, ఫోటో మెల్లగా ఇటువైపు రావడం, వచ్చిందాన్ని తెరిచి చూసుకుని తర్వాతది. ఒక్కో దానికి నిమిషాలు పట్టేది. తాళి కట్టే ఫోటో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అందులో నాన్న లేడు. అడగలేదు.

పదకొండు వచ్చాయి. పన్నెండో దానికి లోపల ఏదో గీరుకున్నట్టు శబ్దమైంది. ఆ తర్వాత ఆ డిస్క్ ఎన్నిసార్లు పెట్టినా కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు.

ఆ పదకొండింటినీ మూడు సీడీల మీదికి ఎక్కించాడు. షాపులో ఉన్న డ్రైవులన్నిట్లో పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూశాడు. నాకు అప్పుడు తట్టింది. అది ఆ పిల్ల పెళ్లి. ఆ పదకొండింట్లో పెళ్లికొడుకు నాలుగింట్లోనే ఉన్నాడు, అదీ ఒకదాంట్లో వీపు మాత్రమే.

"వాళ్లకెట్లా చెప్పాలన్నా?"

"నేనొస్తా" అన్నాడాయన.

శుక్రవారం ల్యాబ్‌లో పటం వరకు పెద్దది చేయించాం. మిగతా ప్రింట్లు సోమవారం ఇస్తామన్నారు. శనివారం ఆయన షాపు మూసి విడవలూరు వచ్చాడు. అక్కణ్ణించి ఇద్దరం పాళెం వెళ్లాం. పటం ఆయనే పట్టుకున్నాడు. దారంతా దాని మీద పడే ఎండకు తన చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వచ్చాడు.

ఇంటి ముందు తల్లీ, కూతురూ, కూతురి అత్తగారూ ఉన్నారు. తల్లి పటం అందుకుని, కొంగుతో తుడిచి, లోపలికి తీసుకెళ్లింది. నేను జరిగింది చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే అత్తగారు లేచింది.

"అంటే పెళ్లి ఫోటోలు లేవంటావా? తాళి కట్టింది లేదు, తలంబ్రాలు లేవు, మా కొడుకు లేడు! అదేం పెళ్లి మే? నిన్ను నమ్మి పిలిచినందుకు ఇంత పని చేస్తావా?"

ఆయన నాకూ ఆమెకూ మధ్యకొచ్చి చేతులు జోడించాడు. "తప్పు ఈ పిల్లది కాదమ్మా, నాది. సోమవారం నాడు మిషను ఇయ్యాల్సింది. గురువారం దాకా తిప్పినాను. ఆ మూడు రోజుల్లో పోయినాయి."

అందులో సగమే నిజం. ఆ మూడు రోజులూ కంప్యూటర్ తెరిచి ఊరందరికీ చూపించింది నేను. కార్డు తుడిచేసింది నేను. ఆ శబ్దం సంగతి చెప్పనిది నేను. ఈ మూడూ అప్పుడే అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన వెనక నిలబడి వింటూ ఉన్నాను. అత్తగారు ఇంకా నాలుగు మాటలని, ఇసకలో విసవిసా నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడేళ్లు ఆ పాళెంలో నన్ను ఎవరూ పెళ్లికి పిలవలేదు.

పెళ్లికూతురు మేం తెచ్చిన సీడీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చూసేదానికి వాళ్లింట్లో కంప్యూటర్ లేదు, ఆ పాళెంలోనే లేదు.

"ఇందులో మా నాన్న యాడన్నా నవ్వినాడా?" అని అడిగింది. నన్ను కాదు, ఆయన్ని. "పెళ్లినాడు పొద్దున్నుంచీ మొహం ముడుచుకునే ఉన్నాడు. నన్ను పంపించాల గదా అని. నవ్వింది నేను చూళ్లా."

ఆయన చూద్దాం అంటాడనుకున్నాను.

"నవ్వినాడమ్మా" అన్నాడు. "నేను చూసినాను."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటిందో లేదో మొదలుపెట్టాడు.

"ఆ ఏడో ఫోటో మా. పందిరి గుంజ దగ్గరది. అది నవ్వడమే గదా?"

"నవ్వేలే అన్నా."

"పళ్లు కనిపిస్తన్నాయిలే. కానీ ఎండ మొహం మీద పడతా ఉంది. ఎండకి కళ్లు చిట్లించినాడేమో."

"నువ్వు చూసినానంటివే?"

"చూసినాను. చూసింది నవ్వో కాదో." అరచేతులు మోకాళ్లకు రుద్దుకున్నాడు. "ఎందుకన్నానో. సోమవారం ప్రింట్లు వస్తాయి. ఆ పిల్ల చూసి, ఇది నవ్వు కాదంటే?"

విడవలూరులో నేను దిగిపోయాను. బస్సు కదిలాక కూడా ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి నా వైపే చూస్తున్నాడు.

సోమవారం నెల్లూరు వెళ్లి ప్రింట్లు తీసుకున్నాను. ఆయన షాపు మెట్లెక్కే ధైర్యం లేక నేరుగా పాళెం వెళ్లాను. ఆ పిల్ల గడప మీద కూర్చుని పదకొండూ ఒళ్లో పరుచుకుంది. ఏడోదాని దగ్గర ఆగింది. దాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టి చూసింది. నేను ఉండబట్టలేక, "ఎండ పడినట్టుంది కదా" అన్నాను.

"కాదక్కా" అంది. "మా నాన్న నవ్వితే ఇట్టనే ఉంటది. ఎండలోకి చూస్తన్నట్టు."

విడవలూరు రాగానే ఎస్టీడీ బూత్‌లోంచి ఫోన్ చేశాను. ఆయన ఒక్క రింగుకే ఎత్తాడు. ఆ పిల్ల అన్న మాట అన్నట్టే చెప్పాను. అటువైపు నుంచి ఏమీ వినపడలేదు. లైను తెగిందేమోనని, "అన్నా, అన్నా" అని రెండుసార్లు పిలిచాను.

"ఉండాను మా" అన్నాడు.